బత్తాయి తెగుళ్ళు – వాని పోల్పడు విధము
(కామాఠీపురాలో జరిగిన సంఘ సమావేశమున ఒక పండ్ల వర్తకుడు చేసిన ప్రసంగ పాఠము)



పిల్లల తెలుగు చదువును గూర్చియో, చాళ్ళ పునర్నిర్మాణమును గూర్చియో మాటలాడుకొనుట మన సమావేశములలో వాడుక. ఈ దినమున చెట్ల జబ్బులను గూర్చి మాటలాడవలసినదిగా కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను శాస్త్రజ్ఞుడను కాను. మెట్రిక్యులేషను వరకు చదివి పండ్ల వ్యాపారములో దిగినవాడను. బత్తాయిని చేతిలోనికి తీసికొని, బరువు చూచి, రసమెంత యుండునో చెప్పగలను గాని ఆకులోని వైరసును చూడగల కన్ను నాకు లేదు. ఆ మాటకు వచ్చిన, ఆ కన్ను ఎవ్వరికిని లేదు.

కామాఠీపురాలో ఈ ముచ్చట యేల యని కొందరు యువకులు నవ్వినట్లు తెలిసినది. కారణము చెప్పెదను. మన పూర్వులు నిజాము రాజ్యపు పల్లెలనుండి వచ్చి ఈ నగరపు కట్టడములకు రాయి మోసిరి, సున్నము కలిపిరి. ఆ కామాటీల పేరే ఈ పేటకు నిలిచినది. తరములు గడచినను నల్గొండ, మహబూబ్‌నగర్, కరీంనగర్ వైపున మనలో అనేకులకు ఇల్లు, రెండు మూడెకరముల చెలక మిగిలియే యున్నవి. 1982 నాటి మిల్లుల సమ్మె తరువాత మరలిపోయినవారు కొందరు, ఇక్కడనే యుండి సొమ్ము పంపుచున్నవారు కొందరు, ఆ చెలకలో బత్తాయి పెట్టిరి. నల్గొండ బత్తాయికి గల పేరు మీ రెరుగుదురు. బోరు వేయించి, గుంతలు తీయించి, అంటు మొక్కలు కొని, కాపునకు నాలుగైదేండ్లు కాచుకొని యుండుట యనగా చాళ్ళలో ఒక్కొక్క రూపాయిగా దాచుకొన్న ధనమును మట్టిలో పెట్టుటయే. ఈ వానకాలమునకు మొక్కలు పెట్టదలచినవారు మన సంఘములోనే మూడు కుటుంబములవారు కలరు. ఇప్పటికే తోట యుండి ఆకులు పసుపెక్కుచున్నవని దిగులుపడుచున్నవారు మరికొందరు. వారి కొరకు ఈ మాటలు.

ఆకు పసుపెక్కినది. కొమ్మ కొననుండి వెనుకకు ఎండుచు వచ్చుచున్నది. కాయ చిన్నదైనది. కంటికి తెలియున దింతే. దీనికి కారణమేమి?

ట్రిస్టెజా యను వైరసు కావచ్చును. అది దారమువలె సన్ననిది, మిల్లీమీటరులో అయిదువందల వంతు పొడవు. చెట్టు తాను వండిన ఆహారమును క్రిందికి పంపుకొను బెరడు లోపలి నాళములలో కాపురముండును. పేనుబంక దీనిని చెట్టునుండి చెట్టునకు మోయును. లేక గ్రీనింగ్ అను తెగులు కావచ్చును. దానిని చాల కాలము వైరసే యనుకొనిరి గాని అది బాక్టీరియా. సిల్లా యను చిన్న పురుగు దానిని తెచ్చును. లేక మొజాయిక్ వైరసు కావచ్చును. ఇది మన తెలుగు నేల తోటలలోనే బాగుగా పేరుకెక్కినది. ఆకు మీద పసుపు పచ్చ గడులు కలిసినట్లుండును. లేక వలయపు మచ్చ వైరసు కావచ్చును. ఇవి యేవియు గాక నేలలో జింకు చాలకపోవచ్చును, వేళ్ళ వద్ద నీరు నిలువ యుండవచ్చును.

పుస్తకములలో తేడాలు వ్రాసియున్నారు. జింకు లోపమున మధ్య ఈనెకు ఇరువైపుల పసుపు ఒకే తీరుగా నుండును, గ్రీనింగులో ఒక వైపు ఒక తీరు, రెండవ వైపు మరొక తీరు. ఇది నిజమే. కాని గ్రీనింగు పట్టిన చెట్టు నేలనుండి జింకును సరిగా తీసికొనలేదు, కావున అదే చెట్టు మీద జింకు లోపపు ఆకులును కనబడును. పైగా ఒకే చెట్టులో ట్రిస్టెజాయు గ్రీనింగును కలిసి కాపురము చేయుట మన దేశపు తోటలలో అరుదు కాదు. చూపును నమ్మి తీర్పు చెప్పువాడు ఏమి చెప్పగలడు?

ఈ నగరమున మన సంగతి యెట్లున్నదో తలచుకొనుడు. తెలుగువాడు, తమిళుడు, కన్నడిగుడు, మలయాళీ, ఎవడు వచ్చినను చాలమందికి 'మద్రాసీ'యే. మొగము చూచి చెప్పలేరు. నోరు విప్పి రెండు మాటలు పలికిన తరువాత మనలో మనకు ఒక్క క్షణమున తెలిసిపోవును, ఇతడు నల్గొండవాడా, నెల్లూరువాడా యని కూడ. వైరసు నోరు విప్పదు. దాని చేత మాటలాడించు ఉపాయము కావలెను. ఆ ఉపాయమే ప్రతిరక్షకము. డాక్టర్లు దీనినే యాంటీబాడీ యందురు.

మన దేహములోనికి పరాయి పదార్థము ప్రవేశించినప్పుడు, దాని పైపూతలోని ఒకానొక ఆకారమునకు సరిగా అతుకునట్టి పదార్థమును రక్తము తయారుచేసికొనును. తాళమునకు తాళపుచెవి వలె. చెట్లకు ఈ శక్తి లేదు. బత్తాయి చెట్టు ప్రతిరక్షకములు చేయలేదు. కావున శాస్త్రజ్ఞులు రోగముగల ఆకులనుండి వైరసును వేరుచేసి, శుద్ధిచేసి, కుందేలునకు సూదిమందుగా నిత్తురు. బత్తాయి వైరసు కుందేలునకు రోగము తేదు, కాని కుందేలు రక్తము దానిని పరాయిదిగా గుర్తించి ప్రతిరక్షకములను చేయును. ఆ రక్తమునుండి తేటను తీసి దాచుదురు. ఇక ఏ చెట్టు రసములో ఆ వైరసున్నను ఈ తేట దానిని పట్టుకొనును.

ఇది మీకు కొత్త కాదు. రక్తదాన శిబిరములలో వ్రేలు గుచ్చి, గాజు పలక మీద రెండు చుక్కల రక్తము వేసి, ఒకదానిలో ఒక సీరము, రెండవదానిలో మరొక సీరము కలుపుట మీరందరు చూచినారు. ఒకదానిలో రక్తము తరకలు కట్టిన 'ఏ' వర్గము, రెండవదానిలో కట్టిన 'బి', రెండింట కట్టిన 'ఏబి', ఎందును కట్టనిచో 'ఓ'. అన్ని రక్తములు కంటికి ఎఱుపే. కరోనా నాడు 2020, 2021 సంవత్సరములలో ముక్కులో పుల్ల పెట్టి చిన్న పట్టీ మీద రెండు గీతలు చూపిన పరీక్షయు ఇట్టిదే. ఆ పట్టీ మీద అంటియున్నవి ప్రతిరక్షకములే.

రక్తము మాట వచ్చినది కావున మన ఊరి సంగతి యొకటి చెప్పక మానను. 1952లో ఈ బొంబాయిలోనే డాక్టరు భెండే, ఆయన సహచరులు ఒక వింతను కనుగొనిరి. కొందరి రక్తము రెండు సీరములతోను తరకలు కట్టదు. కావున 'ఓ' అనియే అనుకొనవలెను. కాని వారికి 'ఓ' రక్తము ఎక్కింపగా సరిపడదు. 'ఓ' వర్గమువారి రక్తకణముల మీద నుండు 'హెచ్' అను పదార్థము వీరికి లేదు, దానికి వ్యతిరేకమైన ప్రతిరక్షకము వీరి రక్తములో ఉన్నది. మూడవ సీరముతో పరీక్షించిననే ఇది తేలును. లోకమంతట వైద్యులు దీనిని నేటికిని బొంబాయి రక్తవర్గ మందురు. మన పనికి ఇందు తెలిసికొనవలసిన దేమనగా, రెండు సీరములకు చిక్కలేదన్నంత మాత్రమున అది ఫలానాదని తేలదు, ఆ రెండును కాదని మాత్రమే తేలును. ట్రిస్టెజా పరీక్షలో 'లేదు' అని కాగితము వచ్చిన, చెట్టు ఆరోగ్యముగా నున్నదని అర్థము కాదు. ట్రిస్టెజా దొరకలేదని మాత్రమే అర్థము. ఈ తేడా తెలియక మోసపోయినవారిని నేనెరుగుదును.

పూర్వము ఇట్టి సదుపాయము లేదు. 1958లో వాసుదేవ, కపూర్ అను శాస్త్రజ్ఞులు అప్పటి బొంబాయి రాష్ట్రపు నిమ్మజాతి తోటల క్షీణతను గూర్చి వ్రాసినపుడు వారికి గల సాధనము కాగ్జీ నిమ్మ మొక్కయే. అనుమానమున్న చెట్టు కన్నును నిమ్మ మొక్కకు అంటుగట్టి, వారములు, నెలలు కాచి, లేత ఆకును వెలుతురునకు ఎత్తి చూచెడివారు. ఈనెలలో అక్కడక్కడ తెగినట్లు గాజువలె తెల్లని గీతలు కనబడిన ట్రిస్టెజా. పాపము, ఆ నిమ్మ మొక్క తాను రోగము తగిలించుకొని మనకు కబురు చెప్పును. ఆ పద్ధతి నేటికిని నమ్మకమైనదే. కాని వేల మొక్కలు అమ్ము నర్సరీలో ఒక్కొక్కదానికి నెలలు ఎవరు కాచుకొని యుందురు?

1971లో స్టాక్‌హోములో ఎంగ్వాల్, పెర్ల్‌మాన్ అనువారు ప్రతిరక్షకమునకు ఒక ఎంజైమును తగిలించి, రంగును బట్టి లెక్కించు పద్ధతిని ప్రకటించిరి. ఎలీసా యను పేరు అట్లు వచ్చినది. 1977లో ఇంగ్లండులోని ఈస్ట్ మాలింగ్ పండ్ల పరిశోధన కేంద్రమున క్లార్క్, ఆడమ్స్ అను ఇద్దరు దానిని మొక్కల వైరసులకు అనువుగా తీర్చిరి. వారు ముందుగా పట్టిన వానిలో ఆలూబుఖారా చెట్ల వైరసొకటి. అనగా మొక్కల విషయమున ఈ పరీక్ష పుట్టినదే పండ్ల తోటలో. ఇది విన్నప్పుడు పండ్ల వర్తకునిగా నాకు కొంత సంతోషము కలిగినది.

పరీక్ష జరుగు తీరు వినుడు. అరచేయి పొడవు ప్లాస్టిక్ పలకలో ఎనిమిది వరుసలు పండ్రెండు చొప్పున 96 చిన్న గుంటలు ఉండును. గుంట గోడకు ముందుగా ప్రతిరక్షకమును అంటింతురు. పిమ్మట ఆకు ఈనెనో, లేత బెరడునో నూరి తీసిన రసమును పోయుదురు. అందు ఆ వైరసున్న గోడకు చిక్కును, లేనిచో కడిగినపుడు పోవును. మరల ఎంజైము తగిలించిన ప్రతిరక్షకమును పోసి కడుగుదురు. వైరసు చిక్కియున్న చోటనే అది నిలుచును. కడపట ఎంజైము తినునట్టి మందును పోయుదురు. ఎంజైము నిలిచిన గుంట పసుపు రంగు తిరుగును, తక్కినవి తేటగానే యుండును. ఆ పసుపు ఎంత చిక్కనిదో యంత్రము కొలిచి అంకె చెప్పును. ఒకటి రెండు దినములలో పని యంతయు ముగియును. ఒక్క పలక మీద ఎన్నో చెట్ల రసములను ఒకేసారి చూడవచ్చును.

ఇక్కడ నా వర్తకబుద్ధికి నచ్చిన సంగతి యొకటి కలదు. ప్రతి పలక మీదను రోగము లేదని నిశ్చయముగా తెలిసిన చెట్టు రసమును కొన్ని గుంటలలోను, రోగమున్నదని తెలిసిన దానిని కొన్నింటను తప్పక పోయవలెను. మంచి ఆకు కూడ కొంచెము పసుపు చూపును. అనుమానపు చెట్టు అంకె మంచి ఆకు అంకెకు రెండింతలో మూడింతలో దాటిననే ఉన్నదందురు. త్రాసులో పాసంగము చూడక తూచిన తూకము ఎంత విలువగలదో, ఈ మంచి ఆకు అంకె లేని ఫలితము అంతే విలువగలది. మీ చేతికి కాగితము వచ్చినపుడు ఆ అంకె యేదని అడుగుడు. చెప్పజాలని చోట రుసుము కట్టవలదు.

ఒకే తీరుగా కనబడు జబ్బులను వేరుచేయుటలో ఈ పద్ధతి ఎట్లు పనికివచ్చినదో రెండు మూడు ఉదాహరణలు మన దేశమునుండియే చెప్పెదను.

ఉత్తరదేశపు కిన్నో తోటలలో ఆకుల మీద పసుపు వలయములు కనబడినపుడు, లోకమున ఇతరత్ర పేరుగల సోరోసిస్ అను జబ్బే ఇదియని పెద్దలు తలచిరి. రెండింటి ఆకును పక్కపక్కన పెట్టిన పోలిక యున్నమాట నిజము. ప్రతిరక్షకములతో చూడగా ఒకదాని సీరము రెండవదానిని పట్టలేదు. తుదకు ఇది వేరొక వైరసనియు, ట్రిస్టెజాలో మూడవ వంతు పొడవుగల దారమనియు తేలి, భారతీయ నిమ్మజాతి వలయపు మచ్చ వైరసను పేరు పొందినది.

మన సాత్‌గుడి బత్తాయికి పట్టు మొజాయిక్‌ను గూర్చి 1975లోనే ఆంధ్రప్రాంతమునుండి శాస్త్రజ్ఞులు వ్రాసిరి. ఏ వైరసు వలన కలుగునో చాల కాలము తెలియలేదు. 1996లో అహ్లావత్, ఆయన సహచరులు అందు రెండు కొనలు గుండ్రముగా నున్న పొట్టి కడ్డీవంటి వైరసును చూపిరి. బాడ్నావైరసు అను కుటుంబములోనిది. అరటిలోను చెఱకులోను ఆ కుటుంబపు వైరసులు వేరుగా కలవు. వీనిలో ఒకదాని సీరము దాయాదిని కూడ కొంత పట్టును. ఇంటిపేరు చెప్పునే గాని మనిషి పేరు చెప్పదన్నమాట. కొన్నిచోట్ల అదియు మేలే, కొత్తదానిని ఏ ఇంటివాడో తెలిసికొనుటకు దారి చూపును.

మనిషి పేరు చెప్పగల ప్రతిరక్షకములు 1975 తరువాత వచ్చినవి. కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ అనువారు చిట్టెలుక కణమొకదానిని ఎడతెగక పెరుగు కంతి కణముతో కలిపి, ఒకే తీరు ప్రతిరక్షకమును ఎంత కావలసిన నంత చేయు ఉపాయమును కనిపెట్టిరి. అందుకై 1984లో వారికి నోబెల్ బహుమానము లభించినది. కుందేలు సీరమున వైరసు పైపూతలోని పలు ఆకారములను పట్టు పలు ప్రతిరక్షకములు కలగలిసి యుండును. ఇందులో ఒక్క ఆకారమును పట్టునది ఒక్కటియే.

ఇది ట్రిస్టెజాకు ఎట్లు పనికివచ్చినదో చూడుడు. ట్రిస్టెజా యన్న పేరునకు విషాదమని అర్థము. 1937 ప్రాంతమున బ్రెజిలులోని సావో పౌలో రాష్ట్రమున మొదలై పండ్రెండేండ్లలో సుమారు 70 లక్షల చెట్లను ఎండగట్టినది. పుల్లనారింజ వేరు మీద తీపి నారింజ కన్ను కట్టిన తోటలవి. ఆ జంటను ట్రిస్టెజా బ్రతుకనీయదు. మనవారు వాడు రంగపూర్ నిమ్మ, జంబేరి వేళ్ళ మీద అంత హఠాత్తుగా చావు రాదు. కాని ట్రిస్టెజాలో సాధువులు కలవు, క్రూరులు కలవు. సాధువు చెట్టులో ఉన్నను కాపునకు లోపము రాదు. క్రూరమైనది వేరు ఏదైనను కాండమున గుంటలు పొడిచి, కాయను కుదించి, ఏండ్ల తరబడి చెట్టును తినివేయును. రెండును వైరసే, రెండింటికిని పేరొకటే. 1986లో స్పెయినువారు చేసిన రెండు ప్రతిరక్షకములను కలిపి వాడిన ట్రిస్టెజా యెక్కడిదైనను దొరకును. 1990లో అమెరికావారు ప్రకటించిన ఎమ్‌సిఏ13 అనునది చాలవరకు క్రూరములనే పట్టును, సాధువులను విడుచును. కారణము 1993లో తెలిసినది: వైరసు పైపూత ప్రోటీనులో 124వ స్థానమున క్రూరములకు ఒక అమైనో ఆమ్లము, సాధువులకు మరొకటి. గొలుసులో ఒక్క పూస తేడాను ఎలుకనుండి తీసిన ప్రతిరక్షకము గుర్తుపట్టినది! అయినను ఇది అన్ని దేశములందును నూటికి నూరుపాళ్ళు సరిపోలేదు. దీనికి చిక్కినను చెట్టునకు హాని చేయనివి కొన్ని, చిక్కకయే హాని చేయునవి కొన్ని బయటపడినవి. కావున ఈ ఒక్క పరీక్ష చూచి తోటను నరుకుట తొందరపాటు.

ప్రతిరక్షకము మరీ సూక్ష్మముగా చూచుట వలన చిక్కు వచ్చిన కథయు కలదు, అది మన పుణెతో ముడిపడినది. గ్రీనింగును సిల్లా పురుగు మోయునని 1967లో కపూర్, ఆయన సహచరులు చూపిరి. పుణె రకమును ఫ్రాన్సువారు బోర్డోకు తీసికొనిపోయి, దానికి వ్యతిరేకముగా ఎలుక ప్రతిరక్షకములను చేసిరి. అవి పుణె రకమును పట్టెను గాని ఇతర దేశముల రకములను అనేకములను పట్టలేకపోయెను. అత్తవారింట ఒక్క అత్తనే గుర్తుపట్టి తక్కినవారిని ఎరుగననెడి కొత్త అల్లునివలె నున్నది. అందుచేత గ్రీనింగునకు నేడు ప్రతిరక్షకమును నమ్ముకొనరు. దాని జన్యుపదార్థమును వెదకు పి.సి.ఆర్. పరీక్షనే చేయింతురు. బొప్పాయి వలయపు మచ్చ వైరసులో బొప్పాయిని పట్టు రకము, దోస గుమ్మడి జాతిని మాత్రమే పట్టు రకము అని రెండు గలవు. ఈ రెండింటిని ఏ సీరముతోను వేరుచేయలేము, మొక్కకు అంటించి చూడవలసినదే.

అయినచో అన్నింటికిని పి.సి.ఆరే చేయించిన పోదా యని విద్యావంతులైన పిల్లలు అడుగుదురు. ఖర్చు మాట అటుంచి, అరటి విషయము వినుడు. అరటి చారల వైరసు జన్యువు కొన్ని అరటి జాతుల సొంత జన్యువులోనే చొరబడి తరతరములుగా పడియున్నది. రోగము లేని చెట్టులో కూడ పి.సి.ఆర్. ఉన్నదని చెప్పును! అప్పుడు ప్రతిరక్షకముతో ముందు నిజమైన వైరసు కణమును గుంట గోడకు పట్టి, తక్కినదంతయు కడిగివేసి, ఆ పట్టినదానికే పి.సి.ఆర్. చేయుదురు. పాతదియు కొత్తదియు చేతులు కలిపినవి.

ఇక మన ఇంటి సంగతికి వచ్చెదను. మన సోదరు డొకడు, పేరు వద్దు, ఊరి తోటలో సగము చెట్లు పసుపెక్కగా మొదటి యేడు ఒక దుకాణదారు చెప్పిన సూక్ష్మపోషకమును చల్లెను. రెండవ యేడు మరియొకడు అన్ని జబ్బులకు ఒకే మందని యాంటీబయాటిక్ అమ్మెను. మూడవ యేడు ఇంకొకడు చెట్లన్నియు కొట్టివేసి తన వద్దనే కొత్త మొక్కలు కొనుమనెను. అతడు ఆకులను ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి దేవగిరి ఎక్స్‌ప్రెస్సులో నా యొద్దకు తెచ్చెను. నా యొద్దకు తెచ్చుట వలన ఏమి ప్రయోజనము? అవి ఉడికి నల్లబడియున్నవి. మరల ఊరికి పంపి, శీతకాలము రాగా, నాలుగు చెట్ల నుండి సరియైన పద్ధతిని కోయించి ఒక ప్రభుత్వ పరిశోధనాలయమునకు ఇప్పించితిమి. రెండింట ట్రిస్టెజా, అందొకదానిలో గ్రీనింగు కూడ. తక్కిన రెండింట వెదకిన వైరసులేవియు దొరకలేదు, మట్టిలో జింకు మాత్రము తక్కువ. మొదటి యేడు చల్లిన మందు కొన్ని చెట్లకు సరియైనదే, రెండవ యేటిది ట్రిస్టెజాకు నిష్ప్రయోజనము, ఏలయన యాంటీబయాటిక్ వైరసును ముట్టదు. పుణెలో 1970 దశకమున గ్రీనింగునకు టెట్రాసైక్లిను పెట్టి చూచిరి. కొంతకాలము చెట్టు తేరుకొనును, తరువాత మామూలే. మూడవవాని మాట వినియుండిన ఎన్ని మంచి చెట్లు గొడ్డలి పాలగునో మీరే యూహింపుడు. తోటలోని తక్కిన చెట్లను ఇంకను చూపించవలసి యున్నది. అతని కుమారుడు ఇక్కడి ఉద్యోగము విడిచి తోటకు పోవలెనా, మానవలెనా యన్నది ఆ ఫలితముల మీద నిలిచియున్నది.

కోయు విధము శ్రద్ధగా వినుడు, పరీక్ష ఎంత గొప్పదైనను ఇక్కడ తప్పిన అంతయు తప్పును. వైరసు చెట్టంతట సమముగా నుండదు. వాశీ బజారులో పేటీ కొనునపుడు పైవరుస చూచి కొనువాడెవడు? అడుగునను మూలలను చేయి పెట్టి తీయుదుము. అట్లే చెట్టునకు నాలుగు దిక్కులనుండి, ఈ మధ్య ముదిరిన చిగుళ్ళను తీయవలెను. నడి వేసవిలో కోయరాదు. ఎండ మిక్కుటమైనపుడు ట్రిస్టెజా చెట్టులో పలుచబడును, ఉన్నను లేనట్లు కనబడును. చల్లని నెలలు మేలు. తడి లేకుండ సంచిలో వేసి, చెట్టు గుర్తు వ్రాసి, చల్లగా నుంచి, ఒకటి రెండు దినములలో అందజేయవలెను. ఘనీభవింపనీయరాదు.

కొత్తగా పెట్టువారికి చెప్పవలసినది ఇంకొకటి. ఒక్క తల్లిచెట్టునుండి తీసిన కన్నులు వేల మొక్కలగును. తల్లిలో వైరసున్న వేల ఇండ్లకు పంచినట్లే. మొజాయిక్ అంటుకట్టుట వలననే ముఖ్యముగా వ్యాపించునది. కావున మొక్క ఆకుపచ్చగా నున్నదా యని చూచుట గాక, తల్లిచెట్టును ఎప్పుడు, ఏయే జబ్బులకు పరీక్షించిరి, ఆ తరువాత దానిని పురుగు దూరని వలయింటిలో ఉంచిరా యని అడుగుడు. వలయిల్లు లేనిచో, నిన్న శుద్ధమని తేలిన చెట్టు నేడు ఒక్క పేనుబంకతో చెడవచ్చును. 'గ్యారంటీ మొక్క' యని నోటితో చెప్పుట చాలదు. నాగపూరులోని కేంద్రీయ నిమ్మజాతి పరిశోధన సంస్థలో చిగురు కొనను మిల్లీమీటరులో పదవ వంతో అయిదవ వంతో కోసి, గాజు గొట్టములో మొలిపించిన మొక్కకు అంటుగట్టి, శుద్ధమైన తల్లిచెట్లను చేయుచున్నారు. ఆ కొనలో సాధారణముగా వైరసు చేరియుండదు. 2024లో కేంద్ర ప్రభుత్వము శుద్ధ మొక్కల పథకమును ఆమోదించి, దేశమున తొమ్మిది కేంద్రములు పెట్టుటకు నిశ్చయించినది. నాగపూరునకు నిమ్మజాతి, మన పద్మశాలీల షోలాపూరునకు దానిమ్మ వచ్చినవి. మొక్క ఒక్కింటికి కొంత ధర హెచ్చును. అయిదవ యేట తోట పీకుట కంటె అది చవుక యని వర్తకునిగా నా లెక్క.

ప్రసంగము మధ్య ముందువరుసలోని పెద్దాయన చీటీ పంపినారు: "ఉన్నదని వచ్చిన, చెట్టు కొట్టవలెనా, అయ్యా?" జబ్బును బట్టి, తాతగారూ. గ్రీనింగు తేలిన చెట్టును తీసివేసి, సిల్లాను అదుపు చేయుడు. అది ప్రక్క చెట్టునకు పోవును. మొజాయికైన, ఆ చెట్టునుండి కన్ను తీయకుడు, కత్తిని శుద్ధిచేయక మరొక చెట్టును ముట్టకుడు. ట్రిస్టెజాయైన, వేరు రంగపూర్ నిమ్మదై, కాయ బాగుగా నున్నచో ఉండనీయుడు. కాండము బెరడు విప్పి గుంటలు చూచి, పరిశోధనాలయమువారి మాట విని నిశ్చయింపుడు. నిమ్మతోట గలవారికి మాత్రము ట్రిస్టెజా హెచ్చు ప్రమాదము, ఏలయన కాగ్జీ నిమ్మ తానే దానికి లొంగునది.

ఒక సోదరి అడిగినారు, ఇట్టి చెట్టు కాయ పిల్లలకు పెట్టవచ్చునా యని. తప్పక పెట్టవచ్చును, అమ్మా. చెట్ల వైరసు మనుష్యులకు అంటదు. గ్రీనింగు కాయ ఒంటివైపు వంకరగా నుండి, అడుగు పచ్చగానే మిగిలి, రసము చేదెక్కును. అది రుచికి లోపమే గాని ఆరోగ్యమునకు కాదు. తోపుడుబండి మీద అమ్ము సోదరులు అట్టి కాయను వేరుచేసి అమ్ముట న్యాయము.

ఊరిలో తోటగలవారు చెట్ల సంఖ్య, నాటిన సంవత్సరము, వేరు ఏదో తెలిసిన ఆ వివరము, కాగితము మీద వ్రాసి వచ్చు ఆదివారము లోపల కార్యదర్శిగారికి ఇయ్యవలెను. ఒకే వైపు ఊళ్ళవారి నమూనాలన్నియు ఒకే దినమున కోయించి, ఒకే బండిలో పరిశోధనాలయమునకు పంపిన దారి ఖర్చు పంచుకొనవచ్చును. ఆకులు ఇక్కడకు తేవలదు.